పిల్లను చేరనీయని గొర్రె

ఒక గొర్రె బరువు ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్నానంటే నవ్వుతారేమో. నవ్వండి. కానీ మొత్తం విన్నాక నవ్వండి.

మాది వికారాబాద్. కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసే ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో జరిగింది. మామ, నా భర్త మందను తోలుకుపోయారు. నిండు చూలుతో ఉన్న గొర్రెను దొడ్డిలో వదిలి, "ఈనితే జోలికి పోకు, అదే నాకుకుంటది" అని నాకు చెప్పి అత్తమ్మ కందిచేనుకు వెళ్లింది.

మధ్యాహ్నం ఈనింది. పిల్ల ఒళ్లంతా జిగురు, నెత్తురు. నాకు రోత పుట్టింది. జాలి కూడా వేసింది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. తల్లి నాకుతుండగానే పిల్లను లాక్కుని, నా స్నానం సబ్బుతో శుభ్రంగా కడిగాను. మా అమ్మ పెంచిన కోడి బాతుగుడ్లు పొదిగి, ఆ పిల్లల్ని కూడా రెక్కల కింద దాచుకునేది. ఏ తల్లైనా అంతే కదా అనుకున్నాను. గొర్రె తన పిల్లను వాసనతోనే గుర్తుపడుతుందని నాకెవరు చెప్పారు? చూడండి, మళ్లీ తప్పించుకుంటున్నాను. జోలికి పోవద్దని చెప్పనే చెప్పింది.

పిల్ల పాలకు పోతే గొర్రె వాసన చూసి తలతో కుమ్మింది. మళ్లీ పోతే మళ్లీ కుమ్మింది. సబ్బు వాసన పోవాలని పిల్లకు పొయ్యిలో బూడిద పూశాను.

అత్తమ్మ వచ్చి, తల్లి నాకుతుందని పిల్ల ఒంటికి ఉప్పు రాసి ముందు పెట్టింది. అది మొహం తిప్పుకుంది. అత్తమ్మ నావైపు చూసింది.

"నువ్వేమన్న ముట్టినవా?"

"లేదత్తమ్మ. బూడిదల పొర్లింది."

"మరి దీనికేం పుట్టింది? గిది తల్లేనా?" అని గొర్రెను ఒక్కటి చరిచింది.

మేకపాలు పట్టాము. తెల్లారేసరికి పిల్ల చచ్చిపోయింది. పిల్లను చేరనీయని గొర్రెను మా మందలో ఉంచరు. తాండూరు అంగడికి, కోతకు పంపేస్తారు. ఆటో ఎక్కిస్తుంటే దాని పొదుగు నుంచి పాలు కారుతున్నాయి. ఈనిన మూలకేసి చూస్తూ అరుస్తోంది. అది పిల్లను వద్దనుకోలేదు, పిల్లనే వెతుక్కుంటోంది. అక్కడున్నవాళ్లలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నోరు తెరిస్తే ఆటో ఆగేది. తెరవలేదు. ఎందుకు? నాలుగు తిట్లు పడతాయని. అంతే.

తర్వాత నాకు బిడ్డ పుట్టింది. పాలిస్తుంటే చూసి అత్తమ్మ మురిసిపోయి, "గా గొర్రె లెక్క గాదు నా కోడలు" అని వాడకట్టంతా చెప్పుకుంది. నేను తలెత్తలేకపోయాను. ఇప్పటికీ ఏ తల్లి పిల్లను కసిరినా అత్తమ్మ ఆ గొర్రెనే తలుచుకుంటుంది.

ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. చెబితే మన్నిస్తుందేమో కూడా. కానీ మన్నించాల్సింది ఆమె కాదు. ఆనాడు అడిగినదానికి నిజమైన జవాబు ఇక్కడైనా రాస్తే ఊపిరి కాస్త ఆడుతుందని రాస్తున్నాను.

ముట్టిన, అత్తమ్మా. అది మంచి తల్లే.