పార్టీ మెంబరు ఓటు

ఎనభైల చివర, దేశం వదిలొచ్చి హారిస్ పార్క్‌లో మేము కాపురం పెట్టిన కొత్తలో, మా తెలుగువాళ్ళకి పెద్దదిక్కు గుంటూరు నుంచి వచ్చిన ఒక డాక్టరు అంకుల్. మా ఆయనకి ఉద్యోగం చూపించిందీ ఆయనే. ఒక ఆదివారం పెరట్లో మాంసం కాల్చుకుతినే బార్బీ విందుకి పిలిచి, చికెన్ కాలేలోపే అందరిచేతా ఒక పార్టీలో మెంబర్లుగా సంతకాలు పెట్టించారు. నేను రూల్స్ చదివే పెట్టాను. పార్టీ తరఫున మా ప్రాంతంలో ఎవరు నిలబడాలో తేల్చేటప్పుడు మెంబర్లకి ఓటు ఉంటుందట. ఆ ముక్క నాకు భలే నచ్చింది.

ఎందుకంటే నాకో మంట ఉండేది. కాకినాడలో నేను స్టాఫ్ నర్సుని. ఆ చదువు ఇక్కడ చెల్లదన్నారు. వృద్ధుల హోమ్‌లో పక్కలు సర్దే పనికి కుదిరాను. పని చిన్నదని కాదు, నాకు జ్వరం చూడటం కూడా రాదన్నట్టు మాట్లాడితే ఒళ్ళు మండేది.

అభ్యర్థిని ఎంచే మీటింగ్‌లో ఇద్దరు పోటీపడ్డారు. అంకుల్ బలపరిచిన వ్యాపారస్తుణ్ణి నాలా చదువు చెల్లని నర్సుల సంగతేమిటని అడిగితే, తర్వాత చూద్దాంలే అని నవ్వేశాడు. రెండో ఆవిడ స్కూలు టీచరు. మాకు పరీక్ష పెట్టి నర్సులుగా రిజిస్ట్రేషన్ ఇమ్మని పోరాడతానంది. ఆవిడకే వేశాను. గెలిచింది మాత్రం అంకుల్ మనిషే.

అసలు ఎన్నికలు వచ్చేసరికి మాకు పౌరసత్వమూ వచ్చింది, ఇంట్లో గొడవా మొదలైంది.

"మెంబర్లమై ఉండి వేరేవాళ్ళకి వేస్తే ఏం బావుంటుంది? అంకుల్‌కి తెలిస్తే?" అన్నారు మా ఆయన.

"ఓటుకి ఎన్‌రోల్ అయినప్పుడు నీది ఏ పార్టీ అని ఎవరైనా అడిగారా? మెంబర్‌షిప్ పార్టీది. ఓటు నాది," అన్నాను.

ఇక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ఒక్కరికి వేసి వచ్చేస్తే కుదరదు. చీటీ మీదున్న ప్రతి పేరుకీ మనకి నచ్చిన వరుసలో నంబరు వెయ్యాలి, లేకపోతే ఓటు చెల్లదు. పార్టీ లేకుండా నిలబడ్డ ఒకాయన మా నర్సుల మాట ఎత్తుకున్నాడు. ఆయనకి ఒకటో నంబరు వేశాను.

బయటికొస్తే గేటు దగ్గర అంకుల్, ఎవరికి ఏ నంబరు వెయ్యాలో చెప్పే పార్టీ కార్డులు పంచుతూ.

"మనవాడికే వేశావు కదమ్మా?"

నాకు అబద్ధం ఆడాల్సిన అవసరం కనిపించలేదు.

"వేశానంకుల్. ఆఖరి నంబరు."

ఆయన మొహం మాడిపోయింది. "ఉప్పు తిన్న విశ్వాసం ఉండొద్దూ? ఇంకా మెంబర్‌షిప్ దేనికమ్మా నీకు? వదిలెయ్!"

"ఎందుకొదులుతానంకుల్? వచ్చేసారి మనిషిని ఎంచే మీటింగ్‌కి మా నర్సులందర్నీ మెంబర్లని చేసి తీసుకొస్తా. మీరు చేసినట్టే."

అన్నంత పనీ చేశాను. ఆ మీటింగ్ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు.