ఎడారి చెరువు దగ్గర తమ్ముడికి పెట్టిన ముద్ద

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొచ్చేది. శవాల గదికి సున్నం వేసి, ఆ గుమ్మంలోనే టిఫిన్ విప్పి తిన్న మొండివాణ్ణి. అందుకే ఇది చెప్పాలంటే నాకే అదోలా ఉంటుంది.

నేనూ, మా తమ్ముడు రాజన్నా సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మేస్త్రీ పని చేసేవాళ్లం. గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా వాడు సెంట్రింగ్ మీది నుంచి పడి చనిపోయాడు. విమానాలు బంద్. ఇంటికి పంపే దారిలేక అక్కడే మట్టిలో పెట్టాం.

యుద్ధం ముగిశాక ఫోన్‌లో అమ్మ ఒకటే ఏడుపు. ఊళ్లో దినం చేసి పిట్టకు పెడితే ఒక్క కాకీ ముట్టలేదట. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం.

“వాడు పోయిన కాడనే నువ్వు పెట్టు బిడ్డా. నా కొడుకు ఆకలిమీద ఉన్నడు” అంది.

హఫర్‌లో మన కాకులెక్కడివి? ఊరికి చాలా దూరంగా ఎడారిలో వాననీళ్లు నిలిచి చెరువైందనీ, పిట్టలు దిగుతున్నాయనీ మా డ్రైవర్ ఖాజా భాయ్ చెప్పాడు. హైదరాబాద్ మనిషి. గురువారం సాయంత్రం ఆయన పికప్‌లో వెళ్లి, నీళ్ల పక్కనే గుడారం వేసుకుని పడుకున్నాం.

తెల్లారగానే అన్నం, కోడికూర పెట్టాను. కల్లు దొరకదు కాబట్టి గ్లాసులో కోలా పోశాను. కొంగలు నీళ్లలోంచి కదల్లేదు. పిట్ట ముట్టేదాకా ఊళ్లో చేసినట్టే తమ్ముడికి ఒక్కో మాట ఇస్తూ పోయాను. నీ బిడ్డను చదివిస్తా అన్నాను. సగంలో ఆగిన ఇల్లు కడతా అన్నాను. ఎండ ముదిరింది. కోపం, ఏడుపు కలిసి ముంచుకొచ్చాయి.

“ఏం గావాలెరా నీకు? ఇంటికి పోదామా? పా, పోదాం తమ్మీ!” అని అరిచాను.

ఎక్కడి నుంచి వచ్చిందో, కాకి వాలింది. ఆ ఎడారిలో తిరిగే పెద్ద నల్లకాకి కాదు. అచ్చం మా ఊరి కాకి, బూడిదరంగు మెడ. ముద్ద తింది. గెంతుకుంటూ వెళ్లి, తెరిచి ఉన్న తలుపులోంచి పికప్ సీటెక్కి కూర్చుంది.

ఖాజా భాయ్ ముఖం పాలిపోయింది.

“ఉండనీ భాయ్, ఏమనకు” అన్నాడు.

అది మా ఇద్దరి మధ్యే కూర్చుంది. దుమ్ముకు అద్దాలు ఎత్తేశాం. దారంతా దానికి ఇంటి ముచ్చట్లు చెప్పాను. అమ్మ మోకాళ్ల నొప్పులు, వాడి బిడ్డ కొత్తగా నేర్చిన మాటలు. ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ, పిచ్చివాడిలా చెప్పాను. కళ్లు తుడుచుకుని చూసేసరికి సీటు ఖాళీ. ఖాజా భాయ్ సీటు కింద కూడా వెతికాడు.

మూసిన బండిలోంచి కాకి ఎట్లా పోయిందో నాకు ఇవాళ్టికీ అంతుబట్టదు. అంతకన్నా నన్ను తినేసేది వేరే ఉంది. ఇంటికి పోదామంటే నమ్మి ఎక్కాడు నా తమ్ముడు. బండి ఆగింది మా లేబర్ క్యాంపు గేటు దగ్గర.