బానెట్ మీద బొట్టు

దసరా నాడు స్కూటరుకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దాని ముందు కొబ్బరికాయ కొట్టే మీరు, ఆ స్కూటరు ఇంజన్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలని ఒక్కసారైనా అనుకున్నారా?

జవాబు నాకు తెలుసు కాబట్టి మీరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు మా నాన్న నన్ను సంస్కరణ సభలన్నిటికీ తీసుకుపోయేవాడు. ముహూర్తాల మీద, మొక్కుల మీద పెద్దవాళ్ళు గంటల తరబడి వాదించుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక, ఎవరి వాదన ఎక్కడ తప్పిందో నన్ను చెప్పమనేవాడు. అలా వాదించడం నేర్చుకున్నాను. మా వదినతో వాదించి గెలవడం మాత్రం ఏ సభా నేర్పలేదు.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి. బోయిగూడలో మా అన్నయ్య ఇంటి మేడ మీది గదిలో ఉండేదాన్ని. సీతాఫల్‌మండిలో ఒక బడిలో సైన్సు చెప్పేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పెళ్ళి కాని పంతులమ్మ మేడ మీద కూర్చుని బొమ్మ కార్లు చేస్తోందనగానే ఆ వీధి రెంటినీ కలిపి ఒకే అర్థం తీసింది.

అవి బొమ్మ కార్లు కావు. అసలు కారు కొలతల్ని ఇరవై నాలుగో వంతుకు తగ్గించి, లోపలి సీటు కుట్టు దాకా అదే లెక్కలో చేసిన నమూనాలు. పైగా నాకిష్టమైనవి కస్టమ్ కార్లు. అంటే, కంపెనీ ఇచ్చిన ఆకారాన్ని అలాగే ఉంచకుండా, కోసి, వంచి, కిందికి దించి, రంగు మార్చి, యజమాని తన ఇష్టానికి తిప్పుకున్న కార్లు. ఈ మాట మా అన్నయ్యకు చెప్పిన రోజున ఆయన పేపరు మడిచి, నా చేతిలోని కారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కస్టమ్సోళ్ళు పట్టుకున్నదా ఏంది చెల్లె? నీకెట్ల దొరికింది?"

ఆ జోకు మా ఇంట్లో పండక్కొకసారి తిరిగొచ్చేది.

ఆ ఏడు మెట్టుగూడలోని ఒక మిషన్ స్కూలు హాల్లో, దసరా తర్వాతి ఆదివారం చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నా, నా పనిని పనిగా చూసినవాళ్ళు లేరు. ఒక్కరైనా కళ్ళజోడు సవరించుకుని, ఇది ఎలా చేశావని అడిగితే చాలనుకున్నాను. బహుమతి కోసం కాదు. ఆ ఒక్క ప్రశ్న కోసం.

ఆదివారం సంతలో దొరికిన ప్లాస్టిక్ అంబాసిడర్‌ను తెచ్చి విప్పాను. గుండ్రటి వీపు, ఎత్తైన తల ఉన్న కారది. దాని పైకప్పును కిందికి దించాలి. అద్దాల పక్కన కప్పును మోసే కమ్ముల్లోంచి సన్నటి ముక్క కోసి తీసేస్తే కప్పు దిగుతుంది. చెప్పడానికి అంతే. కానీ ఆ కమ్ములు నిటారుగా ఉండవు, వాలుగా ఉంటాయి. కప్పు దిగగానే ముందు కమ్ములకూ వెనక కమ్ములకూ అందకుండా పోతుంది. అప్పుడు కప్పును అడ్డంగా రెండు ముక్కలు చేసి, మధ్యలో ప్లాస్టిక్ పట్టీ అతికించి సాగదీయాలి. అతుకుల మీద సందులు పూడ్చే లప్పం పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్దాలి. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దడం. గోరుతో తడిమినా అతుకు తగలకూడదు. కనబడకపోవడమే ఆ పని గొప్పతనం. నన్ను ముంచిందీ అదే.

ఇక రంగు. ఫొటోలకు రంగులద్దే స్టూడియో ఒకటి మూతపడుతుంటే, అక్కడ చిన్న స్ప్రే గన్ కొన్నాను. దానికి గాలి కావాలి. పంక్చర్ షాపులో లారీ ట్యూబు నిండా గాలి కొట్టించి, భుజానికి తగిలించుకుని వీధిలో నడిచొచ్చేదాన్ని. ఎదురింటి అరుగు మీది ముసలాయన ఊరుకునేవాడు కాదు.

"ఏం పంతులమ్మా, హుస్సేన్‌సాగర్ల ఈతకు పోతున్నవా?"

"మీరూ వస్తారా తాతా, ఇద్దరికీ సరిపోతది."

పని చిరాకుల మధ్య నవ్విన సందర్భాలు కూడా చెప్పాలి కదా.

రంగు వానాకాలంలో మాట వినదు. కార్ల షెడ్డుల్లో కొట్టే లక్క రంగును చెమ్మ గాలిలో కొడితే, ఆరేటప్పుడు తేమను పట్టుకుని తెల్లటి పొగమంచులా మసకేస్తుంది. రెండుసార్లు అలా పాడైంది. మసకేసిన కారును చూసి వదిన వెంటనే తేల్చేసింది.

"దిష్టి తగిలింది. ఆ అరుగు మీది ముసలోడు దినాం చూస్తుండె. జెర మిరపకాయలు తిప్పి పడేస్తా ఆగు."

"వదినె, గాలిల తేమ ఎక్కువుంది. గంతే."

"తేమ మా గోడలకు సుత ఉన్నది. గవి మసకలేదేంది?"

గోడకు కొట్టిన సున్నం వేరు, లక్క వేరు అని చెప్పబోయాను. అప్పటికే ఆమె మిరపకాయలు తెచ్చింది. వానలు తగ్గాయి, ఎండ కాసింది, మూడోసారి రంగు అద్దంలా కుదిరింది. ఆ ఘనత ఎవరికి పోయిందో మీరు ఊహించుకోవచ్చు. సభలో ఎదుటివాడు తప్పు వాదన చేస్తే నిలదీస్తాం. మిరపకాయను ఎట్లా నిలదీస్తాం?

రంగు లేత దంతం వర్ణం. పక్కల కింది సగం ముదురు మెరూన్. రెంటి మధ్య వెంట్రుకంత గీత. అద్దాలు మిఠాయి డబ్బా మూతలోంచి, సీట్లు పాత రెక్సిన్ పర్సులోంచి కోసినవి. పైపైన ఆరినట్టే ఉన్నా, లక్క లోపల గట్టిపడడానికి వారం పైనే పడుతుంది. అందుకని దుమ్ము పడకుండా కారు మీద స్టీలు బేసిను బోర్లించి, ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పి, పండగ పొద్దున బడి జీతాల పనేదో ఉందంటే వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి వాకిట్లో ఆయుధ పూజ అయిపోయింది. అన్నయ్య స్కూటరు, వదిన కుట్టుమిషను, కత్తిపీట, సుత్తి, అన్నీ కడిగి, బంతిపూలు పెట్టి వరసగా నిలబెట్టారు. ఆ వరస చివర నా కారు. బానెట్ మీద ఎర్రటి బొట్టు. నాలుగు చక్రాల కింద నాలుగు నానబెట్టిన శనగలు.

వదినే ముందు మొదలుపెట్టింది.

"నిమ్మకాయ పెడితే చక్రం కన్న పెద్దగయింది. గందుకే శనగలు పెట్టిన. మంచిగలేదా?"

"ముట్టుకోవద్దని చెప్పి పోలేదా?"

"బండికి బొట్టు లేకుంటే ఎట్లనే? రాలిపోకుండ కొబ్బరినూనెల కలిపి పెట్టిన."

కొబ్బరినూనెలో! పొడి కుంకుమైతే ఊదితే పోయేది. నూనెతో కలిసిన రంగు, గట్టిపడని లక్కలోకి ఇంకిపోయింది. తుడిస్తే బొట్టు పోయింది, మరక మిగిలింది. పాలిష్‌తో రుద్దితే మరక వెడల్పయింది. మళ్ళీ రంగు కొడదామంటే సాయంత్రానికి మబ్బు పట్టి ముసురు మొదలైంది. వదిన మెట్ల మీద నిలబడి నా అవస్థ చూసి, పాపం, నిజంగానే బాధపడింది.

"మల్ల పెడత తియ్. గుండ్రంగ, ముద్దుగ పెడత."

నాకు అసలు మంట ఎక్కడో చెప్పనా? ఆమె ఆ కారును పిల్లల ఆటవస్తువుల్లో పెట్టలేదు. స్కూటరు పక్కన, కుట్టుమిషను పక్కన పెట్టింది. ఆ ఇంట్లో నా పనిని పనిగా లెక్కేసిన మొదటి మనిషి ఆమే. ఆ లెక్క వేయడానికి ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క సాధనం కుంకుమ. మెచ్చుకోవడానికి, భయపడడానికి, దండం పెట్టడానికి మనకున్నన్ని పద్ధతులు, ఒక వస్తువును దగ్గరికి తీసుకుని చూడడానికి లేవు. ఆమెను అని ఏం లాభం? ఆమెకు బడిలో సైన్సు చెప్పినవాళ్ళు కూడా ప్రయోగశాల తాళానికి బొట్టు పెట్టే ఉంటారు.

ఆదివారం మరకతోనే కారును తీసుకుపోయాను. వదిన పట్టుచీర కట్టుకుని వెంట వచ్చింది. నేను అటు తిరిగి పేరు చీటీ రాస్తుండగా, అన్న మాట ప్రకారం, మరక మీద మళ్ళీ గుండ్రంగా బొట్టు పెట్టేసింది. చక్రాల కింద శనగలు కూడా పెట్టింది.

బహుమతులు నిర్ణయించేది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, మెడలో చిన్న సిలువ ఉన్నాయన. నేను తుడిచేలోపే నా బల్ల ముందు ఆగి, కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన వంగి, కప్పు వైపు చూడకుండా, సరాసరి బానెట్ మీద వేలు పెట్టారు.

"అబ్బ! ఆ బొట్టు చూడండమ్మా, ఎంత సహజంగా ఉందో. ఆ శనగలు! ఇదండీ అసలైన మన కారు. మొదటి బహుమతి దీనికే."

"అయ్యా, అది పొరపాటున పడిన మరక. నేను చేసింది అది కాదు. కప్పు చూడండి."

"కప్పుకేమమ్మా, కప్పులాగే ఉంది."

అతుకు అంత బాగా కుదిరింది మరి.

"బొట్టు తీసేస్తే బహుమతి ఇస్తారా?"

"బొట్టు లేకపోతే ఏముందమ్మా ఇందులో? పైదేశం కారులా ఉంటుంది."

"మీరు క్రైస్తవులు కదా. మీ ఇంట్లో బళ్ళకు బొట్లు పెట్టరు. మరి ఎందుకింత మురిసిపోతున్నారు?"

"మేం పెట్టమండీ. మా అబ్బాయి మోటారు సైకిలు కొంటే పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు."

"బ్రేకులు చూశారా?"

"అది మెకానిక్కు పని కదమ్మా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా హాయిగా నవ్వారు. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. బహుమతి వద్దని చెప్పి కారును పెట్టెలో సర్దుకున్నాను. బహుమతి ఒక స్టీలు టిఫిన్ క్యారియరు. గేటు దాటి ఆటో ఎక్కాక చూస్తే అది వదిన ఒళ్ళో ఉంది.

"వద్దన్న కదా!"

"నీకొద్దు. నాకెందుకొద్దు? బొట్టు పెట్టింది నేనే గద. సార్ సుత గదే మెచ్చుకున్నడు."

వాదనగా చూస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా నాన్న ఉంటే వదినకే మార్కులు వేసేవాడు.

చలికాలంలో గాలి పొడిబారాక బానెట్ గీకి కొత్తగా రంగు కొట్టాను. ఎరుపు కింది నుంచి పైకి ఊరి, దంతం రంగు గులాబీ అయింది. ఆ బానెట్ పారేసి, కొత్తది ప్లాస్టిక్ రేకులోంచి కోసి, వంచి, అమర్చాను. ఈసారి మచ్చ లేదు. కారు నేననుకున్నట్టే నిలబడింది. సంక్రాంతి కూడా రాకముందే వదిన పక్కింటావిడను మేడ మీదికి తీసుకొచ్చింది.

"ఇగో, ప్రైజొచ్చిన కారు ఇదే." అంతలో ఆమె మొహం మారిపోయింది. "అయ్యో, బొట్టేది? ఉన్న ఒక్క అందం తీసేసినవ్ గదనే!"

పక్కింటావిడ నా వైపు జాలిగా చూసి కిందికి దిగిపోయింది. కప్పు అతుకు ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, నాకు తప్ప.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఒకరుంటారు. కుట్లు వేసేవాళ్ళో, రేడియో విప్పేవాళ్ళో, ఎందుకూ పనికిరాదని మీరనుకునే వస్తువు మీద సెలవులన్నీ ధారపోసేవాళ్ళో. వాళ్ళకు హారతి పట్టకండి. దిష్టి తీయకండి. భుజం తట్టి "శభాష్" అని వెళ్ళిపోకండి, అది కూడా బొట్టే. ఇప్పుడే లేచి వాళ్ళ గదిలోకి వెళ్ళండి. పక్కన కూర్చోండి. "ఇది ఎట్లా చేశావు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలకండి.