కాల్షీట్ అక్క మీద నా అనుమానాల జాబితా

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బయటికి వచ్చేవాడు. రాకపోతే కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళ్లాడని ఇంట్లోవాళ్లు చెప్పేవారు. నేనూ ఆ గుంపులోదాన్నే. కాకపోతే ప్రోగ్రాములు రాసేదాన్ని కాదు, ఇంకొకరు రాసినవాటిలో తప్పులు పట్టేదాన్ని. మమ్మల్ని టెస్టర్లు అంటారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అనుమానించడానికి జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీవాళ్లు నాకు జీతం ఇచ్చేవారు. ఆరు దాటాక అనుమానించడం మానేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని పాలు ఎందుకు పల్చగా ఉన్నాయో, కూరగాయలమ్మాయి ఈరోజు ఎందుకు నవ్విందో ఇంటికొచ్చాక ఆలోచించేదాన్ని. మా ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానంటే ఏ సిగ్నల్ దగ్గర, ఎన్ని నిమిషాలు అని అడిగేదాన్ని. (పాపం, ఆయన నిజంగానే ఇరుక్కునేవారు. ఆ మాటకొస్తే ఇప్పటికీ అక్కడే ఉన్నారు.)

అలాంటి నాకు ఏడో నెల వచ్చింది. మేం ఫిల్మ్‌నగర్‌లో, నిలబడి మాట్లాడితే ఒక కాలు పైకీ ఒక కాలు కిందికీ ఉండే వాలు మీద ఒక ఇంట్లో మొదటి అంతస్తులో అద్దెకుండేవాళ్లం. కాన్పు దగ్గర నుంచి మూడు నెలల సెలవిచ్చారు. మా టీమ్ లీడ్ ఒక రోజు పిలిచి, హాయిగా రెస్ట్ తీసుకోండి, మీ పని సంగతి మేం చూసుకుంటాం అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు రెస్ట్ లేకుండా పోయింది. ఎందుకు చూసుకుంటారు? ఎన్నాళ్లు చూసుకుంటారు? ఆ మర్నాడే కొత్తగా చేరిన ఒక అమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. నేను మంచినీళ్లకు లేచి వచ్చేసరికి ఆ అమ్మాయి నా కుర్చీ వంక చూస్తోంది. ఎత్తు తనకు సరిపోతుందో లేదో అంచనా వేస్తోందని నాకు గట్టి నమ్మకం. సెలవు అయిపోయిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆ కుర్చీలో నేనే ఉండాలని ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. కానీ నేను కుర్చీలో ఉంటే బిడ్డ ఎవరి ఒళ్లో ఉండాలి? మా అమ్మ ఏలూరులో టీచరు, వేసవి సెలవుల్లో తప్ప కదలలేదు. మా అత్తగారు తెనాలిలో లేకపోతే మామగారి కిరాణాకొట్టు తలుపులు తెరుచుకోవు. ఆ ఒక్క ప్రశ్నకు తప్ప మిగిలిన అన్నిటికీ నేను సిద్ధపడటం మొదలుపెట్టాను.

సిద్ధపడటమంటే వస్తువులు కొనడమని అప్పట్లో నా ఉద్దేశం. అమెరికాలో ప్రాజెక్టు చేసి తిరిగొచ్చిన సహోద్యోగిని ఒకావిడ, పుట్టబోయే బిడ్డకు కావలసినవంటూ యాభై నాలుగు వస్తువుల జాబితా పంపింది. పాలసీసాలు మరిగించే పెట్టె, స్నానపు నీళ్ల వేడి చూసే థర్మామీటరు, బిడ్డ ఏడుపును పక్కగదిలోకి వినిపించే వైర్‌లెస్ యంత్రం. (మాది రెండు గదుల ఇల్లు. ఏడుపు వినడానికి యంత్రం అక్కర్లేదు, వినకుండా ఉండటానికి ఏదైనా దొరికితే బాగుండేది.) పుట్టకముందు ఏదీ కొనకూడదని అత్తగారు ఫోన్లో గట్టిగా చెప్పారు. మొదట ఒంటి మీద పడాల్సింది పాత గుడ్డేనని, నాలుగిళ్లలో ఆరోగ్యంగా పెరిగిన పిల్లలు తొడిగి విడిచినవైతే మరీ మంచిదని కూడా చెప్పారు. ఆవిడకు వస్తువుల గురించి ఏం తెలుసులే అనుకుని యాభై నాలుగూ కొన్నాను. వాటిలో రాణిలాంటిది నాలుగు చక్రాల తోపుడుబండి.

కొన్న వస్తువును పరీక్షించకుండా వాడే అలవాటు మాకు లేదు. ఒక ఆదివారం పొద్దున మూడు కిలోల బియ్యం సంచిని (పుట్టిన బిడ్డ అంతే ఉంటుందని పుస్తకంలో చదివాను) బండిలో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, గేటు బయట వాలు మీద నిలబెట్టి బ్రేకు వేశాను. బ్రేకు పట్టింది. ఒక చిన్న తోపు తోసినా పట్టింది. ఇంకో చిన్న తోపు తోశాను. బండి ఒకసారి ఆలోచించి, ఫిల్మ్‌నగర్ వాలులో కిందికి బయలుదేరింది. నేను ఆ పొట్టతో పరుగెత్తలేక గేటు పట్టుకుని నిలబడిపోయాను. కింద మలుపు దగ్గర, చేతిలో తోటకూర కట్టలతో వస్తున్న ఒకావిడ చెప్పుకాలు అడ్డం పెట్టి బండిని ఆపింది. వంగి లోపలికి చూసింది. తర్వాత నన్ను చూసింది. బెల్టు విప్పి, బియ్యం సంచిని అలవాటుగా భుజాన వేసుకుని, దాని వీపు నిమురుతూ, రెండో చేత్తో బండిని ఈడ్చుకుంటూ పైకి వచ్చింది.

"జర పైలం బిడ్డా, బియ్యం కాబట్టి సరిపాయె" అంది. తర్వాత నా పొట్ట వంక చూసి, "ఎన్నో నెల? డేట్ ఎప్పుడిచ్చిండ్రు?" అని అడిగింది.

ఆవిడ మా కింది వాటాలో ఆ వారమే దిగిందట. నేను డేట్ చెప్పి పైకొచ్చాక, ఆవిడ చేసే పనేమిటని వాచ్‌మన్ భార్యను ఆరా తీశాను. సినిమాలకు చంటిపిల్లలను పట్టుకుపోతుందని, కృష్ణానగర్‌లో అందరూ ఆవిడను కాల్షీట్ అక్క అంటారని చెప్పింది. సినిమావాళ్లు ఏ రోజున ఎవరు పనికి రావాలో రాసుకునే తేదీలే కాల్షీట్లు. నా డేట్ అంత ఆప్యాయంగా ఎందుకడిగిందో అప్పుడర్థమైంది (అనుకున్నాను).

వెంటనే కంప్యూటర్లో ఒక జాబితా తెరిచాను. లక్షణం, ఆధారం, తీవ్రత అని మూడు గడులు. మొదటిది, డేట్ అడిగింది. రెండోది, వాళ్లింటి గోడ మీద కాలెండర్లో షూటింగుల పేర్ల మధ్య నా డేట్ చుట్టూ పది రోజులకు ఎర్ర గీత గీసుకుంది. (చూడ్డానికి వెళ్లలేదు, చక్కెర అప్పు అడగడానికి వెళ్తే కనబడింది. చక్కెర మా ఇంట్లో నిండుగా ఉంది, అది వేరే సంగతి.) మూడోది, బిడ్డ తల్లి పోలికా తండ్రి పోలికా అని విచారించింది. నాలుగోది, మెట్ల దగ్గర ఎవరితోనో ఫోన్లో, పుట్టి పది దినాలు గాని బిడ్డ కావాలంటున్నరా అని అంటుండగా నేను విన్నాను. ఆ పక్కన తీవ్రత గడిలో 'అత్యధికం' అని రాసి ఎర్రరంగు వేశాను. ఐదోదాన్ని ఆవిడే స్వయంగా మా ఇంటికి మోసుకొచ్చింది. కలరా ఉండల వాసన వేసే ఒక మూట. విప్పితే అరచేయంత జుబ్బాలు, లంగోటీలు. పాతవే బిడ్డా, ముందుగాల పాతవే తొడగాలె అంది. తిరగేసి చూస్తే ప్రతి జుబ్బా మెడ వెనకా నల్ల సిరాతో ఏవో నంబర్లు, గీతలు. వేషాల పెట్టెలో నుంచి తీసిన బట్టలకు కాక ఇంకెవరి బట్టలకు నంబర్లుంటాయి? ఆవిడ వెళ్లగానే మూటను అటక మీదికి విసిరేయించాను. మా ఆయనకు జాబితా చూపిస్తే ఆయన శ్రద్ధగా చదివి, పోనీ హీరో చిన్నప్పటి వేషం అయితే ఆలోచిద్దామా అన్నారు. ఆయన పేరు కూడా జాబితాలో చేర్చాను.

తొమ్మిదో నెల వచ్చేసరికి అనుమానాలు పద్నాలుగయ్యాయి. ఒక సాయంత్రం కాల్షీట్ అక్క పైకొచ్చి, మంచం చివర కూర్చుని, ఒక మాట అడుగుదామని వచ్చిన బిడ్డా అంది. ఈ క్షణం కోసమే నేను రెండు వారాలుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఆవిడను నోరు తెరవనివ్వకుండా, మా బిడ్డను షూటింగులకు ఇవ్వమని, ఎంత పెద్ద సినిమా అయినా ఇవ్వమని, ఎర్ర గీత చెరిపేసుకోమని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు, అదే నాకు ఇబ్బందిగా అనిపించింది.

"నెల నిండని బిడ్డను లైట్ల ముందట నేనెన్నడు పెట్టలే. అడిగినోళ్లకు రబ్బరు బొమ్మకు గుడ్డ చుట్టి ఇస్త" అంది. "గా పది దినాలు రాజమండ్రిల అవుట్‌డోర్ షూటింగ్ ఉండె. రానని చెప్పి గీత గీసుకున్న. నీకు నొప్పులొస్తే ఇంట్ల ఎవరున్నరని? నువ్వు డ్యూటీకి పోతే బిడ్డను నా దగ్గర ఇడుస్తవా అని అడుగుదామని వచ్చిన. సరే తియ్యి."

లేచి వెళ్లిపోయింది. బిడ్డ ఎవరి ఒళ్లో ఉండాలన్న ప్రశ్నకు జవాబు కోసం నేను రెండు నెలలుగా ఊరంతా వెతుకుతున్నాను. అది నా మంచం చివర వచ్చి కూర్చుంటే నేనే మెట్లు దింపి పంపాను. వెనక్కి పిలుద్దామని నోటిదాకా వచ్చింది కానీ సిగ్గు అడ్డొచ్చింది. ఆ తర్వాత రెండు వారాలూ ఆవిడ పైకి రాలేదు. బంజారాహిల్స్‌లో ఒక పిల్లల సంరక్షణ కేంద్రానికి వెళ్లి చూస్తే, అక్కడున్న ఆయా నా కంటే ఎక్కువ అనుమానంగా నన్ను చూసింది. ఇంటికొచ్చి మా ఆయన ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన చక్కెర డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, అప్పు తీర్చి రమ్మన్నారు. వెళ్లలేకపోయాను.

డాక్టరు చెప్పిన తేదీకి నాలుగు రోజుల ముందు, పట్టపగలు పన్నెండింటికి నొప్పులు మొదలయ్యాయి. మా ఆయనకు ఫోన్ చేస్తే ట్రాఫిక్‌లో ఉన్నానన్నారు. (ఏ సిగ్నల్ అని అడగలేదు. జీవితంలో ఆ ఒక్కసారే.) గోడ పట్టుకుని మెట్లు దిగుతూ అక్కా అని పిలిచాను. రెండోసారి పిలవక్కర్లేకపోయింది. ఆవిడ ఆటోను గేటు దాకా తెప్పించి, నన్ను ఎక్కించి, తన ఒంటికి ఆనించుకుని కూర్చుంది. వాలులో ఆటో దిగుతుంటే, నా మీద కోపం లేదా అక్కా అని అడిగాను.

"ఎందుకు లేదు, మస్తున్నది" అంది. "కాల్షీట్ ఇచ్చింది నీకా? కడుపుల ఉన్నదానికి."

సాయంత్రానికి పాప పుట్టింది. నర్సు వచ్చి బట్టలివ్వండమ్మా అంది. మా ఆయన గర్వంగా నా సంచి తెరిచారు. యాభై నాలుగు వస్తువుల్లో పద్దెనిమిది అందులో ఉన్నాయి. థర్మామీటరు ఉంది, ఏడుపు యంత్రం ఉంది, గుండుసూదులతో సహా గట్టి అట్టకు బిగించిన కొత్త గౌన్లున్నాయి. ఆ పిల్ల ఒంటికి తగిలించదగ్గ మెత్తటి గుడ్డ ఒక్కటి లేదు. తెనాలి నుంచి బస్సులో వస్తున్న అత్తగారు ఫోన్లోనే, కొత్తవి తాకించారంటే ఊరుకోనన్నారు. కాల్షీట్ అక్క మా ఇంటి తాళం చెవి అడిగి తీసుకుని, ఆటోలో వెళ్లి, అటక మీది మూట తెచ్చింది. తొడుగుతూ ఉండగా, ఆ నంబర్లేమిటని సిగ్గు చంపుకుని అడిగాను. చాకలివాళ్ల గుర్తులట. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఐదు గుర్తులున్నాయంటే, కృష్ణానగర్ సందుల్లో మంచిగా పెరిగిన పిల్లలున్న ఐదు ఇళ్లకు తిరిగి ఆవిడ అడిగి తెచ్చిందన్నమాట. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. పాప మాత్రం ఎవరిదో రెండు గీతల జుబ్బాలో హాయిగా నిద్రపోయింది.

మూడు నెలల తర్వాత చెప్పిన రోజున, చెప్పిన టైముకు నా కుర్చీలో కూర్చున్నాను. నా పక్క సీటు అమ్మాయి నన్ను చూడగానే, మీరెప్పుడొస్తారా అని రోజులు లెక్కపెట్టుకున్నాను మేడమ్, ఈ పని నా వల్ల కాదు అని దాదాపు ఏడ్చింది. ఆ పూట కింది వాటాకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఏడోసారి అక్క ఫోన్ ఎత్తి, తను మాట్లాడకుండా పాప ముక్కు దగ్గర పెట్టింది. గుర్రు వినబడింది. ఇంతకూ మా పాప ఏ సినిమాలోనూ కనబడలేదు కానీ, మా తోపుడుబండి మూడు సినిమాల్లో నటించింది. ధనవంతుల ఇల్లు చూపించాలంటే అక్క దాన్నే పంపేది.

ఇప్పుడు ఆఫీసులో కడుపుతో ఉన్న అమ్మాయిలు ఏమేం కొనాలి మేడమ్ అని అడుగుతుంటారు. నాలుగు పాత పంచెల గుడ్డలు, ఒక రబ్బరు షీటు, ఉయ్యాలకు ఒక నేత చీర చాలని, ఆ డబ్బుతో నాలుగు కిలోల పళ్లు కొనుక్కోమని, ముందు కింది వాటాలో ఎవరున్నారో తెలుసుకోమని చెబుతాను. వాళ్లు మర్యాదగా తలూపి, ఫోన్లో బండ్ల బొమ్మలు చూసుకుంటూ వెళ్లిపోతారు.

ఈమధ్య మా అమ్మాయి పాత కంప్యూటర్‌లోని ఫైళ్లు కదిలిస్తుంటే ఆ జాబితా బయటపడింది. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు షూటింగులకు వెళ్లని అక్క ఆ సమయానికి మా సోఫాలోనే ఉంది. అమ్మాయి పద్నాలుగు అనుమానాలూ పైకి చదువుతుంటే నేను వంటింట్లో దాక్కున్నాను. అక్క అన్నీ విని, నన్ను బయటికి పిలిచింది.

"గా దినం డేట్ ఎందుకడిగిననుకున్నవు?" అంది. "సంచికి బెల్టు పెట్టి గడ్డ మీదికెల్లి తోసినదాన్ని జూసిన. గీ పిల్ల చేతికి బిడ్డ వస్తే ఎట్ల, ఎవరన్న ఒకరు దగ్గరుండాలె అనుకున్న. అనుమానం నాకే వచ్చింది ముందు."

మా అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, నాకంటే ముందు బియ్యాన్ని తోశావా అమ్మా అంది. గేటు పట్టుకుని, వాలులో దిగిపోతున్న బండిని నోరు తెరుచుకుని చూస్తున్న ఆ ఏడో నెల పిల్ల కళ్లముందు మెదిలింది. అనుమానించడానికి జీతం తీసుకుంటూ పద్నాలుగు అనుమానాలు రాసింది, ఒక్కటీ నిలబడలేదు. కాల్షీట్ అక్కకు వచ్చింది ఒకే ఒక్క అనుమానం. అది మాత్రం అక్షరాలా నిజం.