గొలుసు ఉందా?

మా అత్తగారు పోయారు. పాలకొల్లు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. "అమ్మ పోయింది" అన్నారు. ఆ వెంటనే, "కుర్చీలు తేవడానికి ఎవరో ఒకరు ట్రాక్టరు అడుగుతారు. నేను వచ్చి చూసుకునేదాకా ట్రక్కు తగిలించనివ్వకు" అన్నారు. తల్లి పోయిన మనిషి అనవలసిన మాటా ఇది అని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో ఆవిడను తలుచుకోవడమంటే ఇదే.

ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని మా వైపు ట్రక్కు అంటాం. మామగారు పోయాక ట్రాక్టరు కొనిపించింది ఆవిడే. కొన్న రోజున అందరూ ఇంజను చుట్టూ మూగితే, ఆవిడ వెనక్కి వెళ్ళి ట్రక్కును పట్టుకునే హుక్కు దగ్గర కూర్చున్నారట. "ఇది ఎంత బరువు ఆపుతుందండీ?" అని అడిగితే, షాపాయన ఇంజను ఎంత లాగుతుందో చెప్పుకొచ్చాడు.

"లాగేది అడగలేదండి. పట్టుకునేది అడిగాను. నిండా ధాన్యం బస్తాలు, పైన మనుషులు, అంతా కలిపి."

చివరికి నిండు ట్రక్కు బరువుకు తగిన హుక్కు, దాని కన్నానికి సరిగ్గా సరిపోయే పిన్ను, ఆ పిన్ను పైకి లేవకుండా అడుగున చీల, అవన్నీ ఊడినా ట్రక్కును వదలని గొలుసు తీసుకున్నాకే అక్కడినుంచి కదిలారు.

అప్పటినుంచి ట్రక్కు వాకిలి దాటాలంటే ఆవిడ అరుగు మీద ఉండాల్సిందే. బస్తాలన్నీ వెనక్కి వేస్తే, "ముందు తేలిపోతుందర్రా, ఇటు జరపండి" అని మళ్ళీ సర్దించేవారు. అంతా అయ్యాక ఒకటే ప్రశ్న, "గొలుసు ఉందా?" అని. మా ఆయన "ఉందమ్మా" అనాలి. అప్పుడుగానీ వెళ్ళమని చెయ్యి ఊపరు. కొత్తగా కాపురానికి వచ్చిన నాకు ఇదంతా వట్టి చాదస్తంలా ఉండేది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని.

ఆ నవ్వు ఒక తుఫాను రోజున పోయింది. కోసిన వరి ఇంకా చేలోనే పనలుగా పడి ఉంది. పొద్దుటినుంచీ రేడియోలో హెచ్చరికలు. సముద్రం వైపు ఆకాశం నల్లబడిపోయింది. వాన పడేలోగా పనలు ఎత్తి కుప్ప వెయ్యకపోతే ఏడాది పంట నీళ్ళపాలే. కూలికి వచ్చిన ఆడవాళ్ళు ట్రక్కు ఎక్కి కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో చంటిపిల్ల కూడా ఉంది. మా ఆయన ఇంజను స్టార్టు చేశారు.

"గొలుసు ఉందా?" అన్నారు అత్తగారు.

జవాబు రాలేదు. ఆవిడ అరుగు దిగి వెళ్ళి చూశారు. గొలుసు దొడ్లో కొత్త గేదె మెడలో ఉంది. పలుపు తెంపుకుంటోందని మా ఆయనే దానికి కట్టారు. గొలుసైతే విప్పి తెచ్చుకోవచ్చు గానీ, పిన్ను కూడా లేదు. ముందురోజు ట్రక్కు విప్పినప్పుడు ఎక్కడో జారిపోతే, దాని బదులు నాగలి బోల్టు దూర్చారు.

"ఇది సన్నంరా. కన్నంలో ఆడుతోంది."

"ఎంత దూరమమ్మా! కాలవ దాటితే పొలమే కదా."

"ఆ కాలవే నా భయం. వంతెన ఎక్కేటప్పుడు ఇది తెగితే ట్రక్కు ఎటు పోతుందో చెప్పు."

"ఏమీ అవదు. వానొచ్చేస్తోంది, తప్పుకో."

ఆవిడ తప్పుకోలేదు. వెళ్ళి ట్రాక్టరు ముందు నిలబడ్డారు. ఇంజను ఆగలేదు. మా ఆయన కాలు క్లచ్ మీదే ఉండడం గుమ్మంలో నిలబడ్డ నాకు కనిపిస్తూనే ఉంది.

"ధాన్యం తడిస్తే నేను ఏడుస్తాను. ఆ ఏడుపు మనింట్లోనే ఉంటుంది. వీళ్ళకేమైనా అయితే ఎవరి గుమ్మంలోకి వెళ్ళి ఏం చెప్తావురా?"

చాలాసేపటికి ఇంజను ఆగింది.

పిన్ను తెమ్మని ఒక మనిషిని మోటారు సైకిలు మీద పాలకొల్లు పంపారు. చంటిపిల్లను నా చేతికి ఇచ్చి, మిగిలినవాళ్ళంతా పొలానికి నడిచారు. అత్తగారు చీర ఎగ్గట్టి అందరికంటే ముందు వెళ్ళారు. పనలు నెత్తిన మోసి మెరక మీద కుప్ప వేశారు. సగం కూడా కాకుండానే వాన పడింది. పిన్ను ఆ వానలోనే వచ్చింది. మిగిలిన పనలు నీళ్ళలో మొలకలెత్తాయి. ఆ పిల్ల సాయంత్రం దాకా నా ఒళ్ళోనే నిద్రపోయింది.

"ఏమీ అయ్యుండేది కాదు" అని మా ఆయన ఏళ్ళతరబడి సాధించారు. ఆవిడ పెరుగు వడ్డిస్తూ, "కాదేమోరా. నాకేం తెలుసు" అనేవారు. వాదించేవారు కాదు. ఆ బోల్టు తెగేదో, ఆగేదో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. అది మాకు తెలియకుండా చేసి వెళ్ళారు, అందుకు ఆవిడకు ఎంత రుణపడి ఉన్నానో బతికుండగా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆనాటి చంటిపిల్ల ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. అత్తగారిని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున వాళ్ళమ్మతో వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది.

పెద్దకర్మ రోజున బంధువులంతా గోదావరి రేవుకి వెళ్ళడానికి ట్రక్కు ఎక్కారు. ఎవరు తోలతామన్నా మా ఆయన వినలేదు. పిన్ను గుంజి చూశారు. వంగి చీల తడిమారు. గొలుసు రెండు చేతులా లాగి చూసి, ఎక్కి ఇంజను స్టార్టు చేశారు. బండి మాత్రం కదల్లేదు. "ఆలస్యమవుతోంది బాబూ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆయన వినిపించుకోలేదు. తల తిప్పి, ఖాళీగా ఉన్న అరుగు వైపే చూస్తున్నారు. గొలుసు ఉందా అని నేనే అడగబోయాను.

"ఉందమ్మా" అని, మెల్లగా క్లచ్ వదిలారు.