బాపు మార్చిన పెట్రోలు పైపులు

మా పక్కింటి బాపు పోయిన సంగతి నాకు గోడ మీద నుంచి తెలిసింది. పొద్దున పాలు పొయ్యి మీద పెడుతుంటే ఆయన భార్య, మా అవ్వ, ప్రహరీ అవతల నిలబడి, "బిడ్డా, మీ బాపు లేస్తలేడు. నువ్వచ్చి జర చెయ్యి పట్టి చూడు" అంది. నర్సు ఉద్యోగంలో అట్లాంటి గొంతులు చాలా విన్నాను. వెళ్లకముందే అర్థమైపోయింది. అయినా వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లబడి చాలాసేపయింది. గోళ్ల సందున గ్రీజు నలుపు అట్లాగే ఉంది. ఆ చేతి నుంచి పెట్రోలు వాసన ఇంకా వస్తోంది. నాకు ఏడుపు వచ్చింది ఆ వాసనకే.

ఆయన నాకు చుట్టం కాదు. చాలా ఏళ్ల కింద నేను జైనూరుకు బదిలీ మీద వచ్చినప్పుడు పక్కిల్లు ఆయనది. మాది హుస్నాబాద్ అని చెబితే మొహం వెలిగిపోయింది. ఆయన కూడా ఆ పక్క ఊరివాడే. వయసులో ఉండగా ఒక కిరాయి కారు తెచ్చుకుని ఈ గుట్టల్లోకి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. "అయితె మా బిడ్డవే నువ్వు" అన్నాడు. అంతటితో బంధుత్వం ఖాయమైంది. ఆ సాయంత్రమే అవ్వ నాకు మక్క గటుక వండి పంపింది. ఉద్యోగం అయిపోయాక నేను మా ఊరు వెళ్లకపోవడానికి సగం కారణం వాళ్లిద్దరే.

ఆ కిరాయి కారు ఒక అంబాసిడర్. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఆటోలూ జీపులూ వచ్చాక కిరాయిలు పోయాయి, బాపు మాత్రం దాన్ని అమ్మలేదు. ఏడాదికోసారి, వానలు పడకముందు, దాని పెట్రోలు పైపులు మార్చేవాడు. పాడైనా మార్చేవాడు, పాడవకపోయినా మార్చేవాడు. "పైకెల్లి చూస్తె మంచిగనే కనవడ్తది బిడ్డా. లోపట పుచ్చిపోతది" అనేవాడు. తీసేసిన రబ్బరు పైపును బ్లేడుతో నిలువునా చీల్చి, లోపలి పగుళ్లు నాకు చూపించేదాకా ఊరుకునేవాడు కాదు. ఈ మధ్య పెట్రోలులో కలిపే స్పిరిట్ పాత రబ్బరును ఇంకా తొందరగా తినేస్తోందని దాని మీద కోపంగా ఉండేవాడు. ఎవరో పరాయివాడు వచ్చి తన కంచంలో చెయ్యి పెట్టినంత కోపం.

ఆ పని రోజున ఇంట్లో పండుగ పద్ధతి నడిచేది. ముందు బీడీల కట్ట, అగ్గిపెట్టె అవ్వ చేతికి ఇవ్వాలి. పని అయిందాకా పొయ్యి వెలగకూడదు. బ్యాటరీ తీగ ఊడదీయాలి. తరువాత నన్ను పిలవాలి. ట్యాంకు దగ్గర పాత పైపు లాగగానే పెట్రోలు కారుతుంది కదా, కొత్తది ఎక్కించేదాకా ఆ మూతికి బొటనవేలు అడ్డం పెట్టడం నా ఉద్యోగం. "సూదులు గుచ్చి గుచ్చి గట్టిపడ్డ వేలు. గవర్నమెంటు వేలు" అని వెక్కిరించేవాడు. నేను కారు కింద చాప పరుచుకుని పడుకుని, "పింఛను వస్తోంది బాపూ, ఇంకా డ్యూటీ ఏంది" అని గొణిగేదాన్ని. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ రోజు అన్నం పెట్రోలు వాసనే వేసేది.

మొదటి ఏడాది అట్లా పడుకుని ఉండగానే ఆయన మాట వినిపించింది. "జర ఆగు తల్లి. అయిపోతంది."

"నేనేం తొందర పెట్టలేదు బాపూ" అన్నాను.

"నీతోని కాదు" అన్నాడు.

అవ్వతో అనుకున్నాను. కానీ అవ్వ వంటింట్లో ఉంది. పని అయ్యాక బయటకు వచ్చి చూస్తే కారు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. వెనక సీటు ఖాళీ. ఎడమ పక్కన మాత్రం ఒక ఉతికిన టవలు మడత పెట్టి ఉంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. కారు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఎందుకో ఆ ఎడమ అద్దం ఒక్కటి లోపలి నుంచి ఆవిరి పట్టినట్టు మసకగా ఉంది. చెమట కళ్లలోకి దిగింది లెమ్మని నా కళ్లే తుడుచుకున్నాను.

ఆ రోజు చాయ తాగుతూ బాపు ఆ ముచ్చట చెప్పాడు. ఆ తరువాత ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

"నువ్వు ఈడికి రాకముందటి ముచ్చట. అప్పుడు అంబులెన్సులు గింబులెన్సులు యాడియి? గుట్ట మీది గూడెంకెల్లి నొప్పులు పడుతున్న పిల్లను తెచ్చిండ్రు. ఆమె అత్త ఉంది ఎంబడి. ఉట్నూరు దవాఖానకు తోలుకపోతున్న. అంతకు వారం ముందటనే నా పైపు పగిలితె, ఒక పత్తి రైతు తన మందు కొట్టే పంపు పైపు కోసి ఇచ్చిండు. తెల్లగ అద్దం లెక్క ఉంటది గదా, పెట్రోల్ పారేది కనవడ్తదని మురిసిపోయిన."

ఈ పత్తి ఊళ్లలో ఆ పైపు దొరకని ఇల్లు ఉండదు. దేనికైనా అదే వాడతారు. కానీ పెట్రోలు తగిలితే అది కొన్నాళ్లకే గట్టిపడి, ఎముక విరిగినట్టు పటుక్కున విరుగుతుంది. బాపుకు ఆ సంగతి గుట్ట మలుపు దగ్గర తెలిసింది. కారు ఆగిపోయింది. వాన. ఆయన కింద దూరి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో కట్టి, మళ్లీ స్టార్ట్ చేసేసరికి వెనక ఎడమ సీటులో మూలుగు ఆగిపోయింది.

"మంచిగైంది, నొప్పి తగ్గినట్టుంది అనుకున్న బిడ్డా" అన్నాడు బాపు. "గట్ల అనుకుంట ఉట్నూరు దాకా తోలిన."

నేను చాయ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పిల్లే కాదు, ఆమె కడుపులో బిడ్డ కూడా దక్కలేదు.

అప్పటి నుంచి ఆ కారు ఆ మలుపు దగ్గర ఆగేది. ఎప్పుడు ఆ దారిన పోయినా ఆగేది. ఊళ్లో ఈ మాట అందరికీ తెలుసు. అవ్వ ముందు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి బండికి కట్టింది. బాపు తెంపేశాడు. "గవి చూస్తె ఆమెకు భయమైతదట. నాకు భయమైతె మాత్రం ఆయనకు ఫికర్ లేదు" అని అవ్వ నాతో చాడీ చెప్పింది. ఆ మాట నవ్వుతూనే అంది గాని, తను కూడా ఎప్పుడూ ఆ ఎడమ సీటులో కూర్చోలేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. శవాల గది పక్కన కూర్చుని అన్నం తిన్నదాన్ని. అందుకే బాపును నిలదీశాను. ఆయన దగ్గర జవాబు కూడా ఉంది. పెట్రోలు గొట్టం సైలెన్సరుకు మరీ దగ్గరగా పోతుందట. గుట్ట ఎక్కేటప్పుడు ఆ వేడికి లోపల పెట్రోలు ఉడికి ఆవిరవుతుంది, ఇక ఇంజనుకు అందదు. సెలైన్ గొట్టంలో గాలి బుడగ అడ్డం పడ్డట్టే. చల్లారగానే మళ్లీ నడుస్తుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"అట్లయితే గొట్టాన్ని దూరంగా జరిపి వేయొచ్చు కదా?"

"ఏద్దాం తీ" అన్నాడు. ఏళ్ల తరబడి అదే మాట అన్నాడు. రబ్బరు మార్చాడు, క్లిప్పులు మార్చాడు, కొన్నాళ్లు రాగి గొట్టం కూడా వేశాడు. దారి మాత్రం జరపలేదు.

ఒకసారి నేను ఉట్నూరులో మీటింగుకు ఆయన కారులోనే వెళ్లాను. ముసురు పట్టి, చలిగా ఉంది. గొట్టం ఉడికే వాతావరణం కాదు. మలుపు దగ్గర ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. బాపు తిట్టలేదు, బానెటు ఎత్తలేదు. గొడుగు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనక ఎడమ తలుపు తీశాడు. గొడుగు తలుపు మీదికి పట్టి నిలబడ్డాడు. నేను ముందు సీటులో ఉన్నాను. వెనక సీటు స్ప్రింగు కిర్రుమన్నది, కూర్చున్నవాళ్లు లేస్తే వస్తుందే, ఆ చప్పుడు. తలుపు తెరిస్తే చలిగాలికి పాత స్ప్రింగు అట్లా చప్పుడు చేసి ఉంటుంది. ఇప్పటికీ నాకు నేను ఆ మాటే చెప్పుకుంటాను.

బాపు మెల్లగా తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. బండి ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది.

"ఎవరు బాపూ?" అన్నాను.

"యాడ ఎక్కుతదో నాకెర్క లేదు బిడ్డా. దిగేది మాత్రం గీడనే" అన్నాడు.

ఈ ఏడాది ఎండలు ముదిరేసరికి బాపు బాగా తగ్గిపోయాడు. అవ్వకు ఆయాసం ఎక్కువైంది. మలుపులో ఆగే కారును నమ్మలేక రెండుసార్లు ఆటోలో పడేసుకుని ఉట్నూరు తీసుకెళ్లాం, ఆ కుదుపులకు మనిషి నీలంగా మారిపోయింది. ఒకరోజు బాపు గోడ దగ్గరికి వచ్చి, "బిడ్డా, గొట్టం దారి మారుద్దాం రా" అన్నాడు.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకని అడిగాను.

"నేను పోయినంక మీ అవ్వకు దమ్ము అస్తె మా అల్లుడే గదా గీ బండిల తోలాలె. గాడ ఆగితె ఏం జెయ్యాల్నో ఆయనకేం ఎర్క? పరేషాన్ అయితడు. బానెటు ఎత్తుకుంట కూసుంటడు. మీ అవ్వ గా సీట్లనే..." అని ఆగిపోయాడు. ఒకామె ప్రాణం ఆ మలుపులో పోయింది, తన భార్య ప్రాణం కూడా అక్కడే పోతుందేమోనని ఆయన భయం. అంత భయపడిన మనిషిని నేను ఆయనలో అంతకుముందు చూడలేదు.

ఆ పని మూడు నాలుగు రోజులు పట్టింది. చేతులు వణుకుతున్నాయి. గొట్టాన్ని సైలెన్సరుకు అవతలి పక్క నుంచి తిప్పి, వంపులు సరిచేసి, రెండు చివరలా కొత్త రబ్బరు ఎక్కించాడు. నోటితో ఊది, రెండో చివర నా చెంప దగ్గర పెట్టించి, "గాలి తగుల్తుందా?" అని అడిగాడు. తగిలింది, వెచ్చగా. చివరి ముక్కను ట్యాంకు మూతికి ఎక్కించబోతూ కారు లోపలి వైపు తల తిప్పి, "ఏమనుకోకు తల్లి. ముసలిదానికి పానం బాగలేదు" అన్నాడు. నేను కింద పడుకుని వేలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కన్నీళ్లు చెవుల్లోకి దిగుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుట్ట దాకా తోలి చూద్దామన్నాడు. ఓపిక రాలేదు. ఇంకో రెండు రోజులకు అవ్వ గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

అస్థికలు గోదావరిలో కలపడానికి ఆ కారులోనే బయలుదేరాం. ఉట్నూరు, జన్నారం మీదుగా ధర్మపురి దాకా. అల్లుడు తోలుతున్నాడు. పక్కన బాపు కూతురు, ఆమె ఒడిలో ఎర్ర గుడ్డ కట్టిన చిన్న కుండ. వెనక నేను, మధ్యలో అవ్వ. ఎడమ కిటికీ పక్కన ఎవరం కూర్చోలేదు, అనుకుని చేసింది కాదు.

గుట్ట మొదలైంది. సన్నగా వాన. అందరం ఇంజను చప్పుడే వింటున్నాం. మలుపు వచ్చింది. అల్లుడు గేరు మార్చాడు. ఇంజను దగ్గలేదు, తడబడలేదు. మలుపు తిరిగి, అవతలి ఎత్తు ఎక్కేసి, అదే చప్పుడుతో సాగిపోయింది. బాపు బతికి ఉండగా చూడాలనుకున్నది అదే. ఆయన పని నిలబడింది. ఇక అవ్వకు ఏ ఆపద వచ్చినా ఈ బండి దవాఖానకు చేరుస్తుంది. నాకు గుండె బరువు దిగినట్టయింది. ముందు సీటులో కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది.

"చూసిండ్రా, ఆగలే" అన్నాడు అల్లుడు. "మామ చేసిండంటె చేసినట్టే."

కొంచెం దూరం పోయాక అవ్వ, "అల్లుడా, జర బండి ఆపుండ్రి" అంది.

"ఎందుకత్తమ్మా? దమ్ము అస్తుందా?"

"నాకేం కాలే. ఆమె దిగలే."

కారు రోడ్డు పక్కన ఆగింది. అల్లుడు అద్దంలో నావైపు చూశాడు, చదువుకున్నదాన్ని, ఏదో ఒకటి చెబుతానని. బండి ఆగితేనే దిగే మనిషి, ఆగకుండా దాటేస్తే ఎట్లా దిగుతుంది? నేను వానలోకి దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమ తలుపు తీసి పట్టుకున్నాను.

అవ్వ ఖాళీ సీటు వైపు తిరిగింది. "దిగుతవా బిడ్డా? లేకుంటె ఆయనెంబడే అస్తవా?" అని మెల్లగా అడిగింది.

టేకు ఆకుల మీద వాన చప్పుడు. తలుపు పట్టుకున్న నా చెయ్యి తడిసిపోయింది. ఎంతసేపైనా స్ప్రింగు కిర్రుమనలేదు.

"వెయ్యి తలుపు" అంది అవ్వ. "అస్తదట."

నేను తలుపు చప్పుడు కాకుండా వేశాను. అవ్వ కొంగుతో ఆ సీటు మీద పడ్డ వాన చినుకులు తుడిచి, అక్కడే చెయ్యి ఆనించుకుంది. ధర్మపురి దాకా ఆ చెయ్యి తీయలేదు. దారి మలుపు తిరిగినప్పుడల్లా, పక్కన నిద్రపోతున్న మనిషి ఒరిగిపోకుండా పట్టుకున్నట్టు, ఆమె వేళ్లు కొంచెం బిగుసుకునేవి.