రూపాయి బిళ్లల అంచు

మా అన్నకు సర్కారుతో పేచీ పెట్టుకోవాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, తెల్లగుడ్డ, స్కూలు యూనిఫారాల గుడ్డ, ఎవరెవరో డిజైన్ పంపిన చీరలు నేసి నేసి ఆయన జుట్టు నెరిసింది. అన్నేళ్లలో తన మనసులోంచి పుట్టిన పువ్వు ఒక్కటి కూడా నేయలేదు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి, "చెల్లె, ఈసారి నీ ఒడిబియ్యం చీర దుకాణంల కొనం. నేనే నేస్తున్న. అంచు గూడ నా సొంత డిజైనే," అన్నాడు.

ఒడిబియ్యమంటే తెలుసు కదా. పుట్టింటివాళ్లు ఆడపిల్లకు కొత్త చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రూపాయి బిళ్లలు కొంగులో పోస్తారు. బిళ్లలు ఎప్పుడూ జారిపడతాయి. చిన్నప్పుడు అమ్మ ఒడిలోంచి దొర్లిన బిళ్లల కోసం నేనూ అన్నా మంచం కింద దూరి కొట్టుకునేవాళ్లం. ఎక్కువసార్లు నేనే గెలిచేదాన్ని. నేను కొరికేదాన్ని.

నాలుగు రోజులకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఆకుపచ్చ చీర, జరీ అంచు, అంచు పొడుగునా రూపాయి బిళ్లలు. ఒక బిళ్ల మీద ఒకటి అంకె, పక్క బిళ్ల మీద మూడు సింహాలు, మళ్లీ అంకె, మళ్లీ సింహాలు. "ఒడిల పోసిన బిళ్లలు జారిపోతయి. చీరకే నేస్తే ఏడికి పోతయి?" అన్నాడు అన్న. నేను ఏడ్చే రకం కాదు. జగిత్యాలలో ఆఫీసుల ముందు జిరాక్స్ సెంటర్ నడిపే ఆడది ఏడుస్తూ కూర్చుంటే గిరాకీ పక్క షాపుకు పోతుంది. కానీ ఆ మాటకు మాత్రం ఏడ్చాను.

అన్న ఆశ నా చీరతో ఆగలేదు. కోరుట్లలో చీరల సేటుకు కూడా ఫోటో పంపాడు. ఆయనకు అంచు నచ్చింది, నేయించుకుంటానన్నాడు. అంటే జుట్టు నెరిశాక మా అన్న డిజైన్ మొదటిసారి అమ్మకానికి సాంచాల మీదికి ఎక్కబోతోంది. ఆ వారం ఆయన గొంతే మారిపోయింది. ఫోన్లో దగ్గినా డిజైనర్ దగ్గినట్టే ఉండేది.

ఇక మా ఆయన సంగతి. ప్రభుత్వోద్యోగి. సర్కారంటే ఎంత భయమంటే, నోటు మడత పెట్టేటప్పుడు కూడా దాని మీది బొమ్మ నలగకుండా చూస్తాడు. ఫోటో చూడగానే ముఖం పాలిపోయింది.

"బిళ్ల మీది బొమ్మ సర్కారుది. ఎవలు వడితే వాళ్లు వేసుకునేది గాదు. నా పెండ్లం మూడు సింహాలు కట్టుకొని బజార్ల తిరిగితే మా పై సార్లు ఊకుంటరా?"

"మూడేంది, అంచు పొడుగునా చూస్తే మందనే ఉన్నది," అన్నాను.

ఆ రాత్రంతా ఫోన్లో ఏవేవో చట్టాలు చదివాడు. పొద్దున లేచి, నాణేల బొమ్మలకు నియమాలున్నాయనీ, జైలుకు పోతే తనను అడగొద్దనీ ప్రకటించాడు. మా ఆయన మాట నేను వినను. కానీ అన్న జైలుకు పోతాడేమోనన్న ముల్లు మాత్రం గుచ్చుకుంది. నా షాపుకు కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చే వకీలు సాబ్‌ను పట్టుకున్నాను.

"సార్, రూపాయి బొమ్మ చీర మీద నేస్తే తప్పా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఫీజు రాని ప్రశ్నలకు ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటాడు. "రేకుతోటి బిళ్ల లెక్కనే చేసి పెట్టుకుంటే తప్పు. చీర కొంగు కత్తిరించిస్తే చాయ్ కూడ ఎవడూ పొయ్యడు గద, గా భయం లేదు. సింహాలది వేరే చట్టమమ్మా. అది సర్కారు ముద్ర. పర్మిషన్ లేకుంట సరుకు మీద వేసి అమ్మరాదు."

"పర్మిషన్ ఎవలిస్తరు?"

"ఢిల్లీవోళ్లు. సర్కారు పనికైతె ఇస్తరు. ఒడిబియ్యానికి ఇచ్చినట్టు నేనైతె ఇనలే."

"మరి ఇంట్ల కట్టుకుంటే?"

"నీ ఇంటికెవడస్తడు? అమ్మితేనే లొల్లి. ఏదీ, బొమ్మ చూపెట్టు."

చూపించాను. ఆయన రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేశాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. "ఇవి సింహాలా? నేను పిల్లులనుకున్న. మీ అన్నకు చెప్పు, ఒక్కొక్కదానికి ఇంత పొడుగు తోక పెట్టి, పిల్లుల అంచని అమ్ముకొమ్మను. ఏ కేసూ రాదు."

నిజం చెప్పొద్దూ, అవి పిల్లుల్లాగే ఉన్నాయి. అంత చిన్న గుండ్రంలో దారంతో జూలు పుట్టించడం అయ్యే పని కాదు. వర్షంలో తడిసి, మా మెట్ల మీద కూర్చునే పిల్లులు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. సేటుకు ఫోన్ చేస్తే ఆయన ఇంకా సంబరపడ్డాడు. పిల్లులైతే చిన్నపిల్లల తల్లులు ఎగబడి కొంటారన్నాడు. మిగిలింది అన్నకు చెప్పడం.

చెప్పాను. అవతల సాంచా ఆపిన చప్పుడు వినపడింది.

"పిల్లులా?" అన్నాడు. "ఒక్కొక్క సింహానికి మీసాలు గూడ పెట్టిన గదనే!"

"మీసాలకే పిల్లులైనయన్నా."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తి, "సేటుకు చెప్పు, నేను తోకలు పెట్టను. నేసింది సింహాలు. సాంచా ఎక్కకుంటె పాయె," అని మళ్లీ పెట్టేశాడు. ఆ తర్వాత నేను రోజూ చేయడం, ఆయన రోజూ తిట్టడం. బతిమాలాను, కోప్పడ్డాను, వదినతో చెప్పించాను. అన్నమైనా మానేస్తాను గానీ అవి సింహాలే అంటున్నాడని వదిన చెప్పింది. ఒక్క తోక కోసం ఇంత పంతం పట్టే మనిషిని నేను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒడిబియ్యం కోరుట్లలో, అమ్మ దగ్గర. అమ్మ ఆ ఊరు వదలదు. బీడీలు చుట్టే ఆమె జట్టంతా అక్కడే ఉంది, వాళ్లతో పొద్దంతా ఊరి ముచ్చట్లు చెప్పుకోకపోతే ఆమెకు తిన్నది అరగదు. అన్న వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. చీర సంచి నా చేతిలో పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

కట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాను. పక్క పీట మీద మా ఆయన, వీధి వైపే చూస్తూ. వదిన దోసిళ్లతో బియ్యం పోస్తోంది. బిళ్లలు జారుతూనే ఉన్నాయి. అమ్మ దగ్గరికి జరిగి నా అంచు చేతుల్లోకి తీసుకుంది. ఆమెకు కళ్లు సరిగా ఆనవు, వేళ్లు మాత్రం ఇంకా చురుకే. ఒక్కొక్క బిళ్లనూ తడుముతూ, కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తూ పోయింది.

"కొడుకా, నువ్వే నేసినవా?"

"నేనే అమ్మా."

"పిల్లులు ఎంత ముద్దుగున్నయిరా!"

వదిన దోసిలి గాలిలో ఆగిపోయింది. అన్న ముఖం ఒక్కసారి ఎర్రబడింది. అమ్మ నోరు తెరుచుకుని, మురిసిపోతూ ఆయన జవాబు కోసం చూస్తోంది.

"అవునే అమ్మా," అన్నాడు అన్న. "పిల్లులే." తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "సేటుకు చెప్పు చెల్లె. తోకలు పెడ్త," అన్నాడు.

ఇన్ని రోజులుగా నేను అడిగింది అదే. తీరా ఆ మాట ఆయన నోట వినేసరికి నా గుండె భగ్గుమంది. కొంగులో బియ్యం ఉన్న సంగతి కూడా మరిచి లేచి నిలబడ్డాను. బియ్యం, కుడుకలు, బిళ్లలు ఇల్లంతా చెదిరాయి.

"పిల్లులేందే అమ్మా? సరిగ్గ చూడు. సింహాలు! మా అన్న నేసినయి సింహాలు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాను.

మా ఆయన లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు.